బీ-ఫారం ఓటరే ఇచ్చే చోట రెండు రోజులు

మొన్న శనివారం పొద్దున్నే మసాచుసెట్స్‌లోని మా ష్రూస్‌బరీ నుంచి బయల్దేరాం. నేను, మా ఆవిడ, మా అమ్మాయి. వెనక సీట్లో సంక్రాంతికి చేసిన అరిసెల డబ్బా, జంతికల డబ్బా. నాషువాలో ఉండే మా పిన్ని కొడుక్కి అవి ఇచ్చి రావాలి. నాకు ఇంకో పని కూడా ఉంది. రేపు, అంటే 2024 జనవరి 23న, న్యూహాంప్‌షైర్‌లో రిపబ్లికన్ పార్టీ ప్రైమరీ. అధ్యక్ష పదవికి ఆ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో అక్కడి మామూలు జనం ఓటేసి చెప్పే రోజు. ఆ హడావిడి ఒక్కసారైనా కళ్లారా చూడాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను.

మా ఇంటి నుంచి నాషువా గంట ప్రయాణం. 495 మీద పైకి వెళ్లి రూట్ 3 ఎక్కితే చాలు. బోస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి న్యూహాంప్‌షైర్ అంటే సేల్స్ ట్యాక్స్ లేకుండా ల్యాప్‌టాప్ కొనుక్కునే చోటు, అక్టోబర్‌లో ఆకుల రంగులు చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్లే చోటు. నేనూ అలాగే పాతికసార్లు వెళ్లుంటాను. ఈసారి రాష్ట్రం సరిహద్దు దాటగానే రోడ్డు పక్కన మంచు కుప్పల్లో గుచ్చిన బోర్డులు కనిపించాయి. రిపబ్లికన్ టికెట్ కోసం పోటీపడుతున్న ట్రంప్, హేలీ, డిసాంటిస్ పేర్లతో. ఒక మలుపు దగ్గర నలుగురు మనుషులు, మెడ చుట్టూ మఫ్లర్లు కట్టుకుని, 'బైడెన్ పేరు రాయండి' అన్న అట్టలు పట్టుకుని నిలబడ్డారు. చలి ఎముకలు కొరికేస్తోంది. వాళ్లు మాత్రం వచ్చే పోయే ప్రతి కారుకీ చెయ్యి ఊపుతున్నారు.

దేశాధ్యక్షుడి పేరు చేత్తో రాయమని అడగడమేమిటని మా అమ్మాయికి ఆశ్చర్యం. దాని వెనక పెద్ద కథే ఉంది. అందరికంటే ముందు ప్రైమరీ జరిపేది తామేనని ఇక్కడివాళ్లు 1920 నుంచీ చెప్పుకుంటారు. 1975లో దాన్ని చట్టంగానే రాసుకున్నారు. అలాంటి ప్రైమరీ ఇంకే రాష్ట్రం పెట్టినా దానికి కనీసం వారం ముందు ఇక్కడ జరగాల్సిందే, తేదీ పెట్టేది రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్, అంటే ఎన్నికలు చూసే అధికారి. ఈసారి బైడెన్ పార్టీ అయిన డెమొక్రటిక్ పార్టీ పెద్దలు, మొదటి ప్రైమరీ ఫిబ్రవరి 3న సౌత్ కరోలినాలో జరగాలన్నారు. న్యూహాంప్‌షైర్ ఒప్పుకోలేదు, రెండు పార్టీల ప్రైమరీలూ రేపే పెట్టింది. దాంతో బైడెన్ ఇక్కడ నామినేషనే వేయలేదు. ఆయన అభిమానులు ఇప్పుడు బ్యాలెట్ చివర ఖాళీ గీత మీద ఆయన పేరు రాయమని రోడ్ల మీద నిలబడి అడుగుతున్నారు.

డెమొక్రాట్ల వాదన కొట్టిపారేసేది కాదు. ఈ రాష్ట్రంలో పదిమందిలో తొమ్మిదిమంది తెల్లవాళ్లే. దేశమంతటికీ మొదటి మాట వీళ్లే చెప్పాలంటే మిగతావాళ్లకి కష్టంగా ఉండదా? నాకూ ఆ మాట సబబే అనిపిస్తుంది. కానీ నేను ఈ రెండు రోజుల్లో చూసినదాన్ని పోగొట్టుకోవడం మాత్రం అన్యాయం. అది ఇంకో రాష్ట్రానికి వెళ్లినా ఫర్వాలేదు, పోకూడదు.

తమ్ముడి ఇంట్లో కాఫీ తాగుతుంటే ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టిన కాగితం మీద మా అమ్మాయి కన్ను పడింది. ఇండియన్ స్టోర్ బిల్లు. ఒకవైపు మెంతికూర, పెరుగు, పది కిలోల బియ్యం. రెండోవైపు పెన్నుతో ఇంగ్లిషులో నాలుగు లైన్లు, రెండుచోట్ల కొట్టివేతలు.

"బాబాయ్, ఏంటిది?"

"నేనడిగిన ప్రశ్న తల్లీ" అన్నాడు వాడు.

మొన్న శరదృతువులో ఒక అభ్యర్థి టౌన్‌హాల్ మీటింగ్, అంటే జనం ప్రశ్నలడిగే సభ, పక్క ఊళ్లో జరిగిందట. ఎవరన్నది వాడు చెప్పాడు కానీ నేను రాయను. వాడు సిటిజన్ అయి నాలుగేళ్లయింది, వాడి స్నేహితులు మాత్రం ఇంకా గ్రీన్‌కార్డు క్యూలోనే ఉన్నారు. ఏ దేశంవాళ్లకైనా ఉద్యోగాల గ్రీన్‌కార్డుల్లో ఏడు శాతం మించి ఇవ్వకూడదన్న పరిమితి ఎందుకు తియ్యరు, పుట్టిన దేశాన్ని బట్టి ఒకరు ఏడాదిలో, ఇంకొకరు ఇరవై ఏళ్లకి గ్రీన్‌కార్డు తెచ్చుకోవడం న్యాయమేనా అని అడగాలనుకున్నాడు. కారులో కూర్చుని బిల్లు వెనక రాసుకున్నాడు. చెయ్యెత్తాడు. మైకు వచ్చింది.

"చేతులు వణికాయి అన్నయ్యా. చదివేశాను. ఆయన రెండు నిమిషాలు జవాబు చెప్పాడు. ఆ జవాబు నాకు నచ్చలేదు. కానీ నా మొహం చూసి చెప్పాడు."

ఆ కాగితం పారేయబోతే వాడి భార్యే ఫ్రిజ్ మీద పెట్టిందట.

వాడు ఏ పార్టీలోనూ లేడు. ఇక్కడ అలాంటివాళ్లని 'అన్‌డిక్లేర్డ్' అంటారు. ఓటర్లలో పదిమందికి నలుగురు ఇలాంటివాళ్లే. పోలింగ్ రోజు వెళ్లి, రిపబ్లికన్ బ్యాలెట్ కావాలంటే అది, డెమొక్రాట్ బ్యాలెట్ కావాలంటే అది తీసుకోవచ్చు. ఓటేశాక బయటికొచ్చే ముందే ఒక కాగితం మీద సంతకం పెట్టి మళ్లీ ఏ పార్టీకీ చెందనివాడు అయిపోవచ్చు. ఒక పార్టీలో నమోదైనవాళ్లు మాత్రం రెండో పార్టీ ప్రైమరీలో వేయాలంటే అక్టోబర్ 6లోపే మారి ఉండాలి. పార్టీ కార్డు లేదు, సభ్యత్వ రుసుం లేదు, కండువా లేదు. అయినా ఆ పార్టీ టికెట్ ఎవరికో చెప్పే హక్కు వాడికుంది.

నమూనా బ్యాలెట్ ప్రింట్ తీసి ఉంచాడు. రిపబ్లికన్ల దాంట్లో మొత్తం 24 పేర్లు. నామినేషన్‌కి 1000 డాలర్లు కడితే అర్హత ఉన్న ఎవరి పేరైనా ఎక్కుతుంది. ఈ నెల 10న విండమ్‌లో తప్పుకుంటున్నానని చెప్పిన క్రిస్ క్రిస్టీ పేరు అలాగే ఉంది. అయోవా రాష్ట్రంలో జరిగిన కాకస్ (ప్రైమరీ కాదు, పార్టీవాళ్ల సభల్లో జరిగే ఎంపిక) తర్వాత తప్పుకున్న వివేక్ రామస్వామి పేరూ ఉంది. మా మరదలు ఆ పేరు మీద వేలు పెట్టి, "మన అపార్ట్‌మెంట్స్‌లో తెలుగువాళ్లు చాలామంది ఈయనకే వేద్దామనుకున్నారు బావగారూ" అంది. రామస్వామి తల్లిదండ్రులు కేరళ నుంచి వచ్చిన తమిళులు, నికీ హేలీ తల్లిదండ్రులు అమృత్‌సర్ నుంచి వచ్చిన సిక్కులు. ఒకే పార్టీ బ్యాలెట్ మీద మన దేశం మూలాలున్న, దేశమంతా తెలిసిన పేర్లు రెండు. మా ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.

మధ్యాహ్నం మాంచెస్టర్ వెళ్లాం. 1922 నాటి రెడ్ యారో డైనర్‌కి అభ్యర్థులందరూ వస్తారని విని అక్కడే తిందామనుకున్నాం. బయట చాంతాడంత క్యూ, సగంమంది విలేకరులే. మా ముందు నిలబడ్డ ఓ పెద్దావిడ రిటైరైన స్కూల్ టీచర్. ఎవరికి వేస్తారని మేం అడగకముందే ఆవిడే చెప్పింది, ఇంకా తేల్చుకోలేదని. ముప్ఫై ఏళ్లుగా ప్రతి ప్రైమరీలోనూ కనీసం ముగ్గురిని స్వయంగా చూశాకే ఓటేస్తుందట. ఒకసారి పక్కింటివాళ్ల హాల్లో పాతికమంది మధ్య కూర్చున్న ఓ అభ్యర్థిని స్కూళ్ల నిధుల గురించి అడిగితే, ఆయన తెలియదని ఒప్పుకున్నాడట. "అందుకే ఆయనకి వేశాను" అంది.

అక్కడి నుంచి ఎల్మ్ స్ట్రీట్‌కి నడిచాం. ఆ సాయంత్రం ఎస్‌ఎన్‌హెచ్‌యూ అరీనాలో ట్రంప్ సభ. జనం అరీనా చుట్టూ బారులు తీరి ఉన్నారు. ఓ తండ్రీ కొడుకులు ఉత్తరాన కొండల్లోంచి వచ్చారట, ఇద్దరూ ప్లంబర్లు. నాలుగు గంటలుగా నిలబడ్డామన్నారు. హీటింగ్ ఆయిల్ రేటు గురించి, సరిహద్దు గురించి చెప్పారు. మా అమ్మాయి వాళ్లతో రెండు విషయాల్లో విభేదించింది. ఆ తండ్రి ఓపిగ్గా విని, జేబులోంచి చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకెట్ ఒకటి తీసి దాని చేతిలో పెట్టాడు. వాళ్ల రాజకీయం నాది కాదు. ఆ చలిలో ఆ నాలుగు గంటల నిలకడని మాత్రం గౌరవించకుండా ఉండలేను.

సాయంత్రం నాషువాలో హేలీ సభకి వెళ్లాం. హాలు నిండిపోయింది, మేం వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాం. ఈ చివరి రోజుల్లో అన్నీ పెద్ద సభలే, ప్రశ్నలడిగే టౌన్‌హాళ్ల కాలం దాదాపు అయిపోయింది. కానీ ఆ కాలంలోనే ఈ ప్రచారాన్ని కుదిపేసిన సంగతి ఒకటి జరిగింది. డిసెంబర్ 27న బెర్లిన్ అనే చిన్న ఊళ్లో ఒకాయన లేచి, అమెరికా అంతర్యుద్ధానికి కారణమేమిటని హేలీని అడిగాడు. ఆవిడ జవాబులో బానిసత్వం అన్న మాటే రాలేదు. తెల్లారేసరికి దేశమంతా అదే చర్చ. ఆ యుద్ధం బానిసత్వం గురించేనని మర్నాడు ఆవిడే చెప్పాల్సి వచ్చింది. ఒక ఊళ్లో ఒక మనిషి అడిగిన ఒక్క ప్రశ్న.

ఆ రాత్రి తమ్ముడి ఇంట్లో నిద్రపట్టలేదు. మా ఊరు తెనాలి పక్కన. ఈ వేసవిలో అక్కడ అసెంబ్లీకి, పార్లమెంటుకి ఎన్నికలు. వారం రోజులుగా ఫోన్ చేస్తే అందరి నోటా ఒకటే మాట, టికెట్ ఎవరికి? ఇన్‌చార్జిలని మారుస్తూ జాబితా మీద జాబితా వస్తోంది. పొత్తులో ఏ సీటు ఎవరికి పోతుందోనని ఇంకోవైపు టెన్షన్. ఎవరైతే బాగుంటుందో నంబరు నొక్కమని సర్వే కాల్స్ వస్తాయి, ఎవరెంత నొక్కారో నొక్కినవాళ్లకి తెలియదు. చివరికి బీ-ఫారం మీద పార్టీ అధినేత సంతకం పడితే అదే టికెట్. జెండా మోసి, పోలింగ్ ఏజెంటుగా కూర్చుని, కేసులు కూడా పెట్టించుకున్న కార్యకర్తకి ఆ సంతకం ఎందుకు పడిందో, ఎందుకు పడలేదో చెప్పేవాడుండడు. మా మేనమామ ముప్ఫై ఏళ్లు ఒకే పార్టీకి పనిచేశారు. ఆ పార్టీ అభ్యర్థి ఎవరో ఆయనకి ప్రతిసారీ టీవీలోనే తెలిసింది. అది తల్చుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

ఇక్కడి పద్ధతీ ఒక్కరోజులో రాలేదు. 1916లో మొదలైనప్పుడు ప్రైమరీని మార్చి నెలలో ఊరి సభ జరిగే రోజే పెట్టారు. హాల్లో రెండుసార్లు పొయ్యి వెలిగించే ఖర్చెందుకన్న పొదుపు కూడా అందుకు కారణమని చెబుతారు. అప్పట్లో జనం ఎన్నుకున్నది, అభ్యర్థిని తేల్చే పార్టీ మహాసభకి వెళ్లే ప్రతినిధుల్నే. అధ్యక్ష అభ్యర్థుల పేర్లు బ్యాలెట్ మీదికి ఎక్కింది 1952లో. ఆ ఏడాది ఐసెన్‌హోవర్ యూరప్‌లో నాటో బాధ్యతల్లో ఉండి, ఇక్కడ కాలు పెట్టకుండానే గెలిచాడు. 1968లో అధ్యక్షుడు జాన్సన్ పేరు కూడా, ఇప్పటి బైడెన్ పేరులాగే, చేత్తో రాయాల్సి వచ్చింది. ఆయనకి 49 శాతానికి కాస్త ఎక్కువ వచ్చాయి, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన మెకార్తీకి 42 శాతం దాకా. నెల తిరక్కుండానే జాన్సన్ పోటీ నుంచి తప్పుకున్నాడు. రిపబ్లికన్ జాతీయ మహాసభకి వెళ్లే 2,429 మంది ప్రతినిధుల్లో ఈ రాష్ట్రం వాటా 22 మందే. అంకెల్లో చూస్తే ఏమీ కాదు.

ఆదివారం పొద్దున కాంకర్డ్ వెళ్లాం. బంగారు గుమ్మటం ఉన్న అసెంబ్లీ భవనాన్ని బయటి నుంచే చూశాం. 14 లక్షల జనాభాకి దిగువ సభలో 400 మంది సభ్యులు. ఒక్కొక్కరికి మూడున్నర వేలమంది. జీతం రెండేళ్లకి 200 డాలర్లు. మన దగ్గర ఒక ఎమ్మెల్యేకి రెండున్నర, మూడు లక్షల జనం. ఇక్కడ సభ్యుడు కిరాణా కొట్టులో ఎదురవుతాడని తమ్ముడు అన్నది ఆ మెట్ల ముందు నిలబడ్డప్పుడు బాగా అర్థమైంది. ఎదురుగా నిలదీసే అలవాటు ఊళ్లలో ముందే ఉంది, ప్రైమరీ దాని మీద నిలబడింది.

తిరుగు ప్రయాణంలో రేడియోలో వార్త. డిసాంటిస్ తప్పుకున్నాడు, ట్రంప్‌కి మద్దతు. నాషువా దాటకముందే ఒక ఇంటి ముందు డిసాంటిస్ బోర్డు మంచులో అలాగే ఉంది. రెండు రోజుల్లో పోలింగ్ అనగా, బరిలో గట్టిగా మిగిలింది ఇద్దరే.

ఇవాళ సోమవారం ఇంకో వార్త. బైడెన్ గొంతుని అచ్చం అనుకరించి, మంగళవారం ఓటేయొద్దని చెప్పే కాల్స్ ఇక్కడి ఓటర్లకి వచ్చాయట. రాష్ట్ర అటార్నీ జనరల్ దర్యాప్తు మొదలుపెట్టారు. తమ్ముడికి అలాంటి కాల్ రాలేదు కానీ, వాడి గొంతులో కోపం వినిపించింది. ఎదురుగా కూర్చుని అడిగే చోట దొంగ గొంతు దూరింది. నాకూ చాలా బాధేసింది. ఈ అర్ధరాత్రి ఉత్తరాన డిక్స్‌విల్ నాచ్‌లో ఆరుగురు ఓటర్లు 1960 నుంచీ వస్తున్న ఆనవాయితీ ప్రకారం అందరికంటే ముందు ఓటేస్తారు. వాళ్లయినా ప్రశాంతంగా వెయ్యాలి.

నాకు పౌరసత్వం వచ్చి ఏడేళ్లయింది. నవంబర్ ఎన్నికల్లో ఓటేస్తూనే ఉన్నాను. ప్రైమరీలో ఒక్కసారీ వేయలేదు, అది పార్టీవాళ్ల సొంత వ్యవహారమనుకున్నాను. మా మసాచుసెట్స్‌లో మార్చి 5న. ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్లు ఇక్కడ కూడా తమకి కావలసిన బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. ఓటరుగా నమోదుకి ఫిబ్రవరి 24 ఆఖరు. మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఇందాకే ఫారం నింపింది.

అది నింపుతుండగానే ఊరి నుంచి ఫోన్. నాషువా తమ్ముడి నాన్న, మా బాబాయి.

"ఏరా అబ్బాయ్, అక్కడ టికెట్ ఎవరికొచ్చింది?"

"ఇంకా రాలేదు బాబాయ్. రేపు ఓట్లేస్తారు."

"ఎవరు, పార్టీవాళ్లా?"

"అందరూ. తమ్ముడు కూడా. ఆఫీసుకి వెళ్లేముందే వేస్తానన్నాడు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"మావాడు టికెట్ ఎవరికిస్తాడంట?"