14కీ 18కీ మధ్య

ఒడిశాలోని పర్లాకిమిడిలో నేను జాకెట్లు కుడతాను. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే చేతినిండా పెళ్లి జాకెట్లే. పెళ్లికూతురికి ఎన్నేళ్లో నన్ను మోసం చేసి చెప్పలేరు, కొలతలు తీస్తుంటే తెలిసిపోతుంది. "లోపల గుడ్డ బాగా వదులక్కా, పిల్ల ఇంకా ఎదుగుతుంది" అని తల్లి అంటే నా కడుపు తరుక్కుపోతుంది. ఇంకా ఎదగాల్సిన పిల్లకు పెళ్లేమిటి?

పోయిన మాఘంలో అలా వచ్చిన పిల్ల తొమ్మిదో తరగతి. తల్లిని కూర్చోబెట్టి అడిగాను. ఆమె పిల్లంటే ప్రేమలేనిది కాదు. భార్యాభర్తలిద్దరూ విశాఖకు కూలిపనికి పోతారు. ఈడొచ్చిన పిల్లను ముసలమ్మ దగ్గర వదిలి వెళ్లాలంటే భయం. ఆలస్యమైతే కట్నం పెరుగుతుందని మరో భయం. "ఎనిమిది అయిపోయింది కదక్కా, బడి మాన్పించినా ఇక ఎవరూ అడగరు" అంది.

నిజమే, అదే నా బాధ. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే ఉచిత నిర్బంధ విద్య అంటుంది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ఆడపిల్లకు 18 నిండాలంటుంది. మధ్యలో ఆ నాలుగేళ్లలోనే మన పిల్లలు బడి నుంచి పీటల మీదికి జారిపోతున్నారు. పన్నెండో తరగతి దాకా చదువును హక్కు చేయాల్సిందే.

ఇక్కడైతే అంగన్‌వాడీ దీదీ కంటపడుతుందని, నది దాటి ఆంధ్రలోని పాతపట్నం వైపు చుట్టాలింట్లో పెళ్లి కానిచ్చేవారున్నారు. చట్టం రెండు ఒడ్డులా ఒక్కటే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండా పెళ్లయినవారు ఒడిశాలో 20.5 శాతం, ఆంధ్రలో 29.3 శాతం. పరువు కోసం ఏ ఒడ్డుకు పోయినా లెక్క ఇదీ.

పిల్లల సహాయ నంబరు 1098కి ఎవరైనా ఫోను చేయవచ్చు. మేజిస్ట్రేటు పెళ్లి ఆపమని ఉత్తర్వు ఇచ్చాక తాళి కట్టినా ఆ పెళ్లి చెల్లదు. ఇప్పటికే పెళ్లయిపోయిన పిల్ల కూడా 20 ఏళ్లు నిండేలోగా కోర్టుకు వెళ్లి దాన్ని రద్దు చేయించుకోవచ్చు. ఈ సంగతి ఆడపిల్లలకు ఎవరూ చెప్పరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మైనరును పెళ్లాడిన పెద్దవాడికి రెండేళ్ల దాకా కఠిన జైలు శిక్ష, లక్ష దాకా జరిమానా పడవచ్చు. పెళ్లి జరిపించినవారికీ శిక్ష ఉంది.

ఆ తల్లికి ఇవన్నీ చెప్పి, జాకెట్టు కుట్టనన్నాను. గుడ్డ లాక్కుని వెళ్లిపోయింది. 1098కి ఫోను చేశాను. పెళ్లి ఆగింది. పిల్లను హాస్టల్లో చేర్చారు, ఇప్పుడు పదో తరగతి. తల్లి ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు. ఆడపిల్లల ప్రభుత్వ హాస్టల్ బడులైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలను 2018 తర్వాత పన్నెండో తరగతి దాకా పెంచే వీలు కల్పించారు. గజపతి, రాయగడ జిల్లాల్లో పదకొండో తరగతికి ఆడపిల్లల హాస్టల్ సీట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసినవారు నాకు రాయండి. ఆ పిల్ల మెట్రిక్ (పదో తరగతి) ఫలితాలు రాకముందే దరఖాస్తు సిద్ధం చేయాలి.