రిజిస్ట్రేషన్ లేని డ్రోన్, అక్కరలేని అనుమతి: నా అనుభవం

బెంగళూరు పీణ్యలోని మా చిన్న కర్మాగారంలో తయారైన వ్యవసాయ డ్రోన్ నమూనాను ఎట్టకేలకు నిన్న చింతామణి దగ్గరి పొలంలో ఎగురవేశాము. దానికి రిజిస్ట్రేషన్ నంబరు లేదు. టైప్ సర్టిఫికెట్ (ఆ నమూనా ప్రమాణాలకు తగినదేనన్న ధ్రువపత్రం) లేనిదే నంబరు రాదు, ఎగురవేసి చూసుకోనిదే టైప్ సర్టిఫికెట్‌కు పంపలేము. ఈ చిక్కుకు 2021 డ్రోన్ నియమాలలోని 42వ నియమమే పరిష్కారం. జీఎస్‌టీ నంబరు ఉన్న తయారీదారు, పరిశోధన కోసం, గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి లేకుండా డ్రోన్ ఎగురవేయగల ప్రాంతంలో), తన ఆవరణలో గానీ తన అధీనంలోని ఖాళీ స్థలంలో గానీ ఎగురవేసుకుంటే నంబరు, టైప్ సర్టిఫికెట్, ముందస్తు అనుమతి, పైలట్ సర్టిఫికెట్ ఏవీ అక్కరలేదు.

హెచ్‌ఏఎల్, యలహంక, జక్కూరు, దేవనహళ్లి విమానాశ్రయాల మధ్య చోటు వెతకడం దండగని ఊరు దాటి వెళ్లాము. డ్రోన్ల కోసం ప్రభుత్వం నడిపే డిజిటల్ స్కై పటంలో ఆ పొలం గ్రీన్ జోన్‌లోనే ఉంది, కౌలు పత్రమూ తేలికగానే కుదిరింది.

మర్యాదకు చెప్పి వద్దామని, ఒక కన్సల్టెంటు రాసిపెట్టిన అర్జీతో పోలీస్ స్టేషన్‌కు వెళ్లడంతో కథ మొదలైంది. నంబరు లేని బైకునే వదలని తాము నంబరు లేని విమానాన్ని వదులుతామా అని ఇన్‌స్పెక్టరు కన్నడంలో గద్దించి, పట్టుబడిన బైకుల పక్కన డ్రోన్‌ను పెట్టించారు. ఒక కానిస్టేబులు డ్రోన్‌కున్న మందు ట్యాంకు మూత తీసి, అందులోని మంచినీళ్లను వేలితో ముట్టి, వాసన చూసి, అనుమానం తీరక మళ్లీ చూశాడు. అనుమతి అక్కరలేదని ఢిల్లీ నుంచి పత్రం తెమ్మన్నారు. అక్కరలేని అనుమతికి పత్రం ఏ కార్యాలయం ఇస్తుంది? పదేళ్లుగా యంత్రాలు తయారుచేస్తున్న నన్ను దొంగసొత్తుకు కాపలాదారులా మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోబెట్టారు.

గట్టెక్కించినది తెలుగు మాట్లాడే ఒక హెడ్ కానిస్టేబులు. “అనుమతి కోరుతూ అని రాస్తే ఇచ్చే అధికారం మాకెక్కడిది సార్? సమాచారం నిమిత్తం అని రాసుకురండి, ముద్ర వేసి తీసుకుంటాం,” అన్నాడు. బోలెడు ఫీజు పుచ్చుకుని ఆ మొదటి అర్జీ రాసిపెట్టిన కన్సల్టెంటుకు ఈపాటి ఇంగితం లేకపోయింది. అటువంటివారి జోలికి పోకండి. నియమం ప్రతి, జీఎస్‌టీ పత్రం, కౌలు పత్రం, పటం ముద్రణ జతచేసి మీరే రాసుకోండి.

గ్రీన్ జోన్‌లోనైనా 400 అడుగులు దాటకూడదు. విమానాశ్రయం సరిహద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. పోలీసులు 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ (డ్రోన్లకు నిషిద్ధ ప్రాంతం) ప్రకటించే వీలుంది గనుక, ఎగురవేసే రోజు ఉదయం పటాన్ని మరోసారి తెరిచి చూడండి.