టొరంటో ఉద్యోగానికి పరిచయాలు బెజవాడలోనే వెతుక్కున్నాను

నిన్న సాయంత్రం మూడో ఇంజనీరు గారు కూడా "నీ పనికి సాక్షిగా నా పేరు రాసుకోమ్మా" అన్నారు. ఇప్పటికి ఊపిరి పీల్చుకున్నాను. సివిల్ చదివి, పెళ్ళయ్యాక కెనడా వెళ్ళబోయే అమ్మాయిలకి పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

డిగ్రీ మదింపు సులువే. మన డిగ్రీ కెనడాలో దేనికి సమానమో చెప్పే వెస్ అనే సంస్థకి దరఖాస్తు పెట్టి, యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు పంపించాను, అంతే.

కష్టమంతా మనుషుల దగ్గరే. టొరంటో ఉన్న ఆంటారియో రాష్ట్రంలో ఇంజనీర్లకి లైసెన్సిచ్చే పీఈఓ అనే సంస్థ, 2023 మే 15 నుంచి కెనడాలో పనిచేసిన అనుభవం ఉండాలనే నిబంధన తీసేసింది. ఇండియాలో చేసిన పనీ చెల్లుతుంది. 48 నెలల అనుభవం ఉండాలి, మన పని దగ్గరుండి చూసిన వాళ్ళు అది నిజమని చెప్పాలి. వాళ్ళు టొరంటోలో ఎందుకుంటారు? మనం మానేసి వచ్చిన ఆఫీసుల్లోనే ఉంటారు.

పెళ్ళికని రాజీనామా ఇచ్చిన రోజే నేను ఆఫీసు వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చేశాను. మీరు ఆ పని చెయ్యకండి. ఆరేళ్ళ తర్వాత వెళ్తే పాత బాసు కూర్చోమని కూడా అనలేదు. "మీ ఆయనకి మంచి జీతమేగా, నీకెందుకమ్మా ఈ తంటా" అన్నాడు, కొత్త కుర్రాళ్ళందరూ వింటుండగా. మూడుసార్లు తిప్పించుకున్నాడు. నాలుగేళ్ళు ఎండలో నిలబడి నేను చేయించిన పనికి సాక్ష్యం అడిగితే, మా ఆయన జీతం ఊసెందుకు? ఆయన్ని వదిలేసి సైటు ఇంజనీర్లని వెతికాను. పటమటలో ఒకాయన రిటైరై ఇంట్లోనే ఉన్నారు. ఆఫీసు మెయిల్‌కి ఎన్ని పంపినా జవాబు రానిది అందుకే. సొంత మెయిలు, ఫోన్ నంబరు ముందే తీసుకోండి.

"బాగా పనిచేసేది" అన్న మాట ఎందుకూ కొరగాదు. ఒక్కో పనికి ఒక్కో కాగితం రాసి తీసుకెళ్ళాను: "గొల్లపూడి సైటు. ఫుటింగ్ పోసే ముందు బార్ బెండింగ్ షెడ్యూలుతో స్టీలు సరిచూశాను. కింద కవరు 50 ఎం.ఎం. రాలేదని పని ఆపి, కవర్ బ్లాకులు మార్పించాకే కాంక్రీటు పోయించాను." (ఫుటింగ్ అంటే పునాది దిమ్మ, కవరు అంటే స్టీలుకి బయట ఉండాల్సిన కాంక్రీటు మందం.) అది చదవగానే పటమట ఆయనకి ఆ రోజు గుర్తొచ్చింది. మేస్త్రీ నామీద అరిచిన సంగతి కూడా ఆయనే చెప్పారు.

ఇక ఉద్యోగం కోసం పరిచయం చేసుకోవాల్సిన టొరంటో ఇంజనీర్లు. లింక్డిన్‌లో మొదట "ఉద్యోగం ఉంటే చెప్పండి" అని రాశాను, ఒక్కరూ పలకలేదు. ముక్కూమొహం తెలియని మనిషికి ఎవరు పూచీ ఉంటారు? తర్వాత నాలుగే వాక్యాలు: నేనెవర్ని, వాళ్ళు చేసిన పనుల్లో నాకు నచ్చిందేది, ఒక్క ప్రశ్న, పదిహేను నిమిషాల సమయం. జవాబు రాకపోతే వారం ఆగి ఒక్కసారే గుర్తుచేయాలి. అక్కడ ఉదయం 10 అంటే వేసవిలో మనకి సాయంత్రం 7:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుతారు, అప్పట్నుంచి మనకి 8:30. నేను ఇక్కడే దెబ్బతిని గంటసేపు ఫోన్ పట్టుకు కూర్చున్నాను. ఫోన్ పెట్టేసే ముందు "ఇంకెవరితో మాట్లాడమంటారు?" అని తప్పకుండా అడగండి. ఒక్కావిడ అలా ఇద్దరి పేర్లిచ్చారు.

టొరంటోలో ట్రైక్ అనే సంస్థ, వలస వచ్చిన వాళ్ళకి వాళ్ళ వృత్తిలోనే ఉండి దారి చూపే మెంటార్‌ని జతచేస్తుంది. దిగిన వారంలో అక్కడ పేరిచ్చుకోవాలని నోటుబుక్కులో మొదటి పేజీలోనే రాసుకున్నాను, ఆ ఇద్దరి పేర్లకి పైన.