వెంకటలక్ష్మి పేరు తెగకుండా చూసుకున్న బగ్ రిపోర్టు: నా అనుభవం

ఒక ప్రోగ్రామింగ్ భాషలో తప్పు (బగ్) ఉందని నేను పెట్టిన రిపోర్టు నిన్న రాత్రి మూతపడింది. ఈసారి సరిచేసి మూశారు. మొదటిసారి ఎలా మూశారో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ వేడి తగ్గకముందే రాసేస్తున్నాను.

మాది పర్లాకిమిడి. నాన్నగారి ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ, కంప్యూటర్ పని అంతా నేనే చూసుకుంటాను. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది కానీ ఇళ్ళల్లో తెలుగు ఎక్కడికీ పోలేదు. పెళ్ళి కార్డు ఒకవైపు తెలుగులో, ఇంకోవైపు ఒడియాలో కావాలనేవాళ్ళే మాకు ఎక్కువ. కార్డు కవర్ల మీద అతికించే పేర్ల లేబుళ్ళ కోసం నేనే ఒక ప్రోగ్రామ్ రాసుకున్నాను. పేరు లేబుల్‌లో పట్టకపోతే కొన్ని అక్షరాల దగ్గర ఆపి చుక్కలు పెడుతుంది. ఏ ఓపెన్ సోర్స్ (కోడ్ అందరూ చూడగలిగే) ప్రోగ్రామింగ్ భాషలో రాశానో చెప్పను. అందులో పనిచేసేవాళ్ళు చాలామంది జీతం లేని వలంటీర్లు, వాళ్ళని నలుగురిలో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

ఒకరోజు ఒక పెద్దావిడ లేబుల్ పట్టుకుని నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చేశారు. "ఏటమ్మా, మా వియ్యపురాలి పేరు సగమే ఏసీసినావు? ఇది పట్టుకెళ్ళి ఆవిడ చేతిలో ఎలాగ పెట్టమంటావు?" అన్నారు. లేబుల్ మీద "వెంకటలక్..." అని ఉంది. చుక్కలు పెట్టడం సరే. క్ష్మి మధ్యలో తెగి, క మీద పొల్లు తేలి ఉంది.

లక్ష్మి ఎన్ని అక్షరాలని మా వీధిలో రెండో తరగతి పిల్లని అడిగినా రెండు అంటుంది. కంప్యూటర్లో ప్రతి లిపి గుర్తుకీ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్ అనే ప్రమాణం లెక్కలో మాత్రం ఆ పేరు ఏడు గుర్తులు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పొడవు అడిగితే 7 అని వస్తుంది. గో అనే ఇంకో భాష బైట్లు (ఒక్కో తెలుగు గుర్తుకి మూడు) లెక్కపెడుతుంది కాబట్టి 21 అంటుంది. నేను వాడే భాష, మనిషి అక్షరం అనుకునేదాన్నే అక్షరంగా లెక్కపెడతానని చెప్పుకుంటుంది. అది చూసే దాన్ని ఎంచుకున్నాను. అది 4 అంది. ల, క్, ష్, మి.

ఆ భాష తయారుచేసేవాళ్ళ సైట్‌లో అకౌంట్ తెరవడం, ఇలాంటి బగ్ ఇంతకుముందు ఎవరైనా చెప్పారా అని వెతకడం, ఫారం నింపడం తేలికే. మూడు లైన్ల కోడ్, ఏం రావాలి, ఏం వచ్చింది, ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, అన్నీ రాసి పంపాను.

ఇక్కడి నుంచే అవమానం మొదలైంది. వచ్చిన రిపోర్టు నిజమా కాదా, పాతదేనా, ఎవరికి అప్పగించాలి అని వడపోసే పనిని ట్రియాజ్ అంటారు. పైథాన్ లాంటి పెద్ద ప్రాజెక్టులో దీనికి వేరే బృందమే ఉంది. కోడ్ మార్చే హక్కు లేకపోయినా వాళ్ళు లేబుల్ తగిలించవచ్చు, రిపోర్టు మూసేయవచ్చు. నేను వాడే భాషకీ అలాంటివాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒకాయన నా రిపోర్టుకి "బగ్ కాదు" అని లేబుల్ తగిలించి మూసేశారు. ఇది ఫాంట్ సమస్య, ఫాంట్ చేసినవాళ్ళకి చెప్పుకోండి అన్నారు.

ఫాంట్ కాదని నిరూపించడానికి నేను బొమ్మలు పంపలేదు. ఆ భాష పదాన్ని అక్షరాలుగా ముక్కలు చేసిన తరవాత ఏ ముక్కలో ఏ గుర్తు ఉందో యూనికోడ్ అంకెల్లో రాశాను. పొల్లు నంబరు 3149. అది ఒక ముక్క చివర ఉండిపోయింది, దాని తరవాతి ష ఇంకో ముక్కలోకి వెళ్ళిపోయింది. తెర మీద ఏ ఫాంట్ ఉన్నా, అసలు తెరే లేకపోయినా ఆ అంకెలు మారవు. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? దానికి ఆయన ఇచ్చిన జవాబు, మీరు ఆ పదాన్ని సరిగ్గా టైప్ చేశారో లేదో ఒకసారి చూసుకోండి అని.

నేను రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా రెండు లిపుల్లో టైప్ చేస్తాను. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మాది. లక్ష్మి అని టైప్ చెయ్యడం నాకు రాదేమోనని, ఆ లిపిలో ఒక్క అక్షరం చదవలేని మనిషికి అనుమానం వచ్చింది! ఆ రాత్రి అన్నం సయించలేదు. మళ్ళీ తెరవమని మర్యాదగా రాశాను. జవాబు లేదు. మూసిన రిపోర్టు కింద ఎంత రాసినా పట్టించుకునేవాళ్ళు ఉండరని నాకు అప్పుడు తెలిసింది.

బరంపురంలో ఇంజనీరింగ్ చదివిన మా పిన్ని కొడుక్కి చూపిస్తే, "వదిలీ అక్కా, ఆళ్ళకి తెలుగు ఏటి తెలుస్తాది? పేర్లు ఇంగ్లీషులో కొట్టీ" అన్నాడు. వాడి మీద నాకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. ఆఫీసులో మన పేరు తప్పు రాస్తే ఆ తప్పునే మన పేరు చేసుకుంటాం. మా వైపు భూమి కాగితాల్లో ఇంటిపేరు ఒకలా, పిల్లల సర్టిఫికెట్లలో ఇంకోలా ఉన్న కుటుంబాలు ఎన్నో నాకు తెలుసు. ఎవరూ అడగరు. కంప్యూటర్ విషయంలోనూ అదే చేస్తే ఇంకో తరానికి కూడా సగం పేర్లే అచ్చవుతాయి.

యూనికోడ్ వాళ్ళ నియమాల పత్రం 29వ అనుబంధం ముందేసుకుని కూర్చున్నాను. ఆయుధం అందులో దొరికింది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో జీబీ9సీ అని కొత్త నియమం చేర్చారు. హల్లు, పొల్లు, మళ్ళీ హల్లు వస్తే మధ్యలో తెంచకూడదు. 15.1లో దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం, ఈ ఆరు లిపులకి దీన్ని పెట్టారు. దాని ప్రకారం లక్ష్మి రెండే. నేను వాడే భాష విడుదల పత్రంలో 15.1కి మారిపోయామని గర్వంగా రాసుకున్నారు. సోర్స్ కోడ్ తెరిచి చూశాను. అక్షరాల పట్టిక కొత్తదే. దాన్ని చదివే కోడ్ మాత్రం పాతది, జీబీ9సీ ఊసే అందులో లేదు.

కొత్త రిపోర్టు పెట్టాను. ఈసారి శీర్షికలో తెలుగు అన్న మాటే రాయలేదు. "15.1 మద్దతు ఉందన్నారు, జీబీ9సీ అమలు కాలేదు" అని ఇంగ్లీషులో రాసి, నియమం, మూడు లైన్ల కోడ్ ఇచ్చాను. కాసేపటికే వేరే ట్రియాజ్ ఆవిడ తన కంప్యూటర్లో నడిపి చూసి, "నిర్ధారించాం" అని లేబుల్ పెట్టి, యూనికోడ్ పని చూసే ఆయనకి అప్పగించారు. ఆవిడకి నేను రుణపడి ఉంటాను. అయినా ఒక సంగతి మనసులో గుచ్చుకుంటూనే ఉంది. తెలుగు తెగిపోతోందంటే తలుపు తియ్యలేదు, నియమం నంబరు చెబితే తీశారు. మీకూ ఇలాంటిది ఎదురైతే ముందు నంబరు వెతకండి. స్క్రీన్‌షాట్ మాత్రం పంపకండి. అది చూడగానే ఫాంట్ అనేస్తారు.

తరవాత పని చకచకా అయిపోయింది. పరీక్షకి పదాలు కావాలన్నారు. తెలుగువి నేను ఇచ్చాను, ఒడియావి మా ప్రెస్‌లోనే పనిచేసే ఒడియా కంపోజిటర్ ఇచ్చారు. ఆ భాష కోడ్ ఎప్పుడు మార్చినా నడిచే పరీక్షల్లో ఇప్పుడు వెంకటలక్ష్మి ఉంది. ఇకమీదట ఎవరైనా ఆ పేరు తెంచితే వాళ్ళ మార్పు లోపలికి వెళ్ళదు. ఈ మాట ఆ పెద్దావిడకి చెప్పాను, నాన్నగారికి చెప్పాను, కరెంటు బిల్లు తెచ్చిన అబ్బాయికీ చెప్పాను.

ఒక్క చిక్కు మిగిలింది. ఇప్పుడు అందరూ వాడుతున్న వెర్షన్‌లో ఈ మార్పు పెట్టరు. పొడవు లెక్క మారితే పాత ప్రోగ్రాములు పాడవుతాయట, కాబట్టి వచ్చే పెద్ద వెర్షన్‌లోనే. ఆ వాదన నాకు సబబే అనిపించింది. అందాకా నేను వాడుతున్న ఉపాయం ఇది. ముక్కలు చేశాక వరసగా చూడాలి. ఒక ముక్క 3149తో ముగిసి, తరవాతి ముక్క తెలుగు హల్లుతో మొదలైతే రెండూ కలిపేయాలి. ఒడియాకి 3149 బదులు 2893 పెట్టి, ఒడియా హల్లులు చూడాలి. సాఫ్ట్‌వేర్ లాంటి పదాల్లో ట్ తరవాత కనిపించని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. అక్కడ ముక్క చివర పొల్లు కాకుండా ఆ గుర్తు ఉంటుంది కాబట్టి ట్, వే కలవవు. అవి కలవకూడదు కూడా. ఆ గుర్తుని చెత్త అనుకుని ముందే తీసేసే ప్రోగ్రాములు ఉన్నాయి, అలాంటి చోట ముక్కలు చేసేదాకా దాన్ని ఉండనివ్వండి.