మూడు మిల్లీమీటర్ల బుష్, ఒకే ఒక్క పట్టు

కిందటి నెలలో మా పిన్ని సామర్లకోట నుంచి రైల్లో వస్తూ ఒక బిస్కెట్ల డబ్బాను దారంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. మూత తీస్తే పాత పంచె ముక్కలో చుట్టిన గోడ గడియారం యంత్రం కనిపించింది. చెక్క పెట్టె అక్కడే గోడకు ఉంది. లోపలి యంత్రాన్నీ లోలకాన్నీ మాత్రం ఎవరి చేతనో విప్పించి తెచ్చింది.

"మా ఊళ్ళో దీన్ని ముట్టుకునేవాళ్ళు ఎవరూ మిగల్లేదే. నీ దగ్గర ఆ చిన్న లేత్ ఉంది కదా, ఒకసారి చూడు" అంది.

నేను 30 ఏళ్ళు జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పాను. ఉద్యోగం నుంచి దిగాక బల్ల మీద అమరే లేత్, అంటే కడ్డీని గిర్రున తిప్పుతూ టూల్ అనే కోత ఉలితో చెక్కే యంత్రం, ఒకటి కొని మేడమీద గదిలో పెట్టుకున్నాను. మా నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో టర్నర్. 1893లో మొదలైన ఆ వర్క్‌షాపులో ఆయన లేత్ మీద తిప్పినవన్నీ మనిషి ఒక్కడే ఎత్తలేని సరుకులు. నేను తిప్పేవి నేల మీద పడితే కళ్ళకు ఆనవు. ఇంట్లో ఆయన పని గురించి మాట్లాడింది తక్కువే. ఒక్కటి మాత్రం నాకు బాగా గుర్తుంది. "చక్‌లోంచి తీసిన ముక్కను మళ్ళీ సరిగ్గా అదే చోట పెట్టలేవమ్మా" అనేవారు. చక్ అంటే లేత్‌లో ముక్కను దవడలతో పట్టి తిప్పే భాగం. చిన్న భాగాల పనిలోకి దిగాక నాకు రోజూ పనికివస్తున్న మాట అదే.

ముందుగా స్ప్రింగుల బిగువును కొద్దికొద్దిగా వదిలించాను. ఆ పని చేయకుండా, చక్రాలను రెండు పక్కలా పట్టి ఉంచే ఇత్తడి పలకలు విడదీస్తే చక్రాల పళ్ళు ఎగిరిపోతాయి, వేళ్ళు తెగుతాయి. పలకలు విప్పి భూతద్దంతో చూస్తే జబ్బు తెలిసిపోయింది. స్ప్రింగు తరువాత వచ్చే రెండో చక్రం ఇరుసు చివర, అంటే గడియారం పనివాళ్ళు పివట్ అనే సన్నని మొన, తిరిగే రంధ్రం గుండ్రంగా లేదు. కోడిగుడ్డులా ఒక పక్కకు సాగిపోయింది. స్ప్రింగు బలమంతా పివట్‌ను ఏళ్ళ తరబడి ఒకే వైపుకు నెడుతుంది. పాత నూనెలో దుమ్ము చేరుతుంది. ఆ దుమ్ము మెత్తని ఇత్తడిలో దిగబడిపోయి, గట్టి ఉక్కును ఆకురాయిలా అరగదీస్తుంది. అందుకే ఇలాంటి చోట రంధ్రం ఒక్కటే పాడు కాదు, పివట్ మీద కూడా గీతలు పడతాయి. పూర్వం ఎవరో మరమ్మతు చేసినవారు రంధ్రం చుట్టూ పంచ్‌తో చుక్కలు కొట్టి ఇత్తడిని లోపలికి తోశారు. కొన్నాళ్ళు నడిచి ఉంటుంది. కానీ అలా కొట్టిన పలకను చూస్తే నాకు బాధ కలుగుతుంది. రంధ్రాన్ని తిరిగి గుండ్రంగా చేసే మార్గం అది కాదు. పాడైన చోటును పెద్దది చేసి, అందులో కొత్త ఇత్తడి బుష్, అంటే నడుమ రంధ్రం ఉన్న చిన్న గొట్టం ముక్క, బిగించాలి.

ఆ బుష్ కొలతలు ఇవి. బయటి వ్యాసం 3 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం 1.2 కంటే ఒక పిసరు తక్కువ, పొడవు 1.6. లెక్క కడితే బరువు 80 మిల్లీగ్రాములు వచ్చింది. పది బియ్యపు గింజలంత కూడా ఉండదు.

ఇత్తడి కడ్డీ రాణిగంజ్‌లో తెచ్చాను. అక్కడ తూకం లెక్కన అమ్ముతారు. చిన్న ముక్కలు కూడా వెతికి ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. అన్ని ఇత్తడీ ఒకటి కాదు. లేత్ పనికి కావలసినది కొద్దిగా సీసం కలిసినది. ఆ సీసం వల్ల పొట్టు పొడవుగా చుట్టుకోకుండా పొడి పొడిగా విరిగి రాలుతుంది. సీసం లేనిది జిగటగా టూల్‌కు అంటుకుని, ఇంత చిన్న రంధ్రంలో డ్రిల్‌ను విరగ్గొడుతుంది. నేను 6 మిల్లీమీటర్ల కడ్డీ తీసుకున్నాను. 3 మిల్లీమీటర్ల బుష్‌కు 3 మిల్లీమీటర్ల కడ్డీ ఎందుకు తేలేదని పిన్ని అడిగింది. మూడు దవడల చక్ ఏదీ కడ్డీని సరిగ్గా నడిమధ్యన పట్టదు. పెద్ద పనిలో ఆ కొద్ది తేడా లెక్కలోకి రాదు, ఇక్కడ మాత్రం బుష్ గోడ మందమే ఒక మిల్లీమీటరు లేదు. లావు కడ్డీని పట్టి, ఆ పట్టు వదలకుండా బయటి వ్యాసమూ లోపలి రంధ్రమూ రెండూ చేస్తే, చక్ ఎంత వంకరగా పట్టినా ఆ రెండూ ఒకే కేంద్రం చుట్టూ వస్తాయి. నాన్నగారి మాట ఇదే.

కానీ అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. పివట్ మీది గీతలు పోయేలా దాన్ని మెరుగు పెట్టాలి. మెరుగు పెడితే అది కొంచెం సన్నబడుతుంది. బుష్ చేశాక పివట్‌ను ముట్టుకుంటే చేసిన బుష్ వృథా. కాబట్టి మొదట పివట్‌ను మెరుగు పెట్టి, మైక్రోమీటరుతో కొలిచి, ఆ అంకె చూసుకున్నాకే బుష్ రంధ్రం ఎంత ఉండాలో తేల్చాను.

టూల్‌ను నూనెరాయి మీద సానబెట్టాను, అంచు మీద వెలుతురు తళుక్కుమనకుండా మాయమయ్యేదాకా. మొద్దు అంచు కోయదు, తోస్తుంది. సన్నని పనిలో తోస్తే లోహం వంగుతుంది. ఎంత వంగుతుందో తరగతిలో ఎన్నోసార్లు బల్ల మీద రాసి చూపించాను. చివర మీద బరువు వేసిన కడ్డీ పొడవు రెట్టింపైతే వంపు 8 రెట్లు. మందం సగమైతే 16 రెట్లు. బోర్డు మీద అది సూత్రం. ఇక్కడ చేతి కింద 3 మిల్లీమీటర్ల ఇత్తడి టూల్‌కు దూరంగా జరిగిపోవడం కళ్ళారా చూస్తాం. అందుకని చక్ బయటకు అవసరమైనంతే, 8 మిల్లీమీటర్లు మాత్రమే వదిలాను.

టూల్ మొన ఎత్తు కూడా సరిగ్గా కేంద్రానికి రావాలి. కడ్డీకీ టూల్ మొనకూ మధ్య పలచని ఉక్కు స్కేలు ముక్కను సున్నితంగా నొక్కి పట్టిస్తాను. నిటారుగా నిలబడితే ఎత్తు సరి. పైకొస నా వైపు వాలితే టూల్ కిందికి ఉంది, అవతలికి వాలితే పైకి ఉంది.

నా లేత్‌లో టూల్‌ను కడ్డీలోకి జరిపే అడ్డ స్లైడు చక్రం మీద ఒక గీత అంటే 0.025 మిల్లీమీటరు. రెండు పక్కలా తగ్గుతుంది కాబట్టి వ్యాసంలో 0.05 పోతుంది. నాకు కావలసినది అంతకంటే చాలా సన్నని అడుగు. అడ్డ స్లైడు మీద టూల్‌ను మోసే పై స్లైడును లేత్ అక్షానికి 5.74 డిగ్రీలు తిప్పి బిగించాను. ఆ కోణపు సైన్ విలువ సరిగ్గా 0.1. ఇప్పుడు పై స్లైడును ఒక గీత తిప్పితే టూల్ లోపలికి వెళ్ళేది అందులో పదో వంతే. ఎన్ని వందల మంది పిల్లలకు సైన్ పట్టికలు చూపించానో! వాళ్ళలో ఒక్కరికైనా ఈ స్లైడు చూపించి ఉంటే ఎంత బాగుండేదని ఆ క్షణంలో అనిపించింది.

చున్నీ తీసి పక్కన పెట్టాను. జడను ముడి చుట్టి టోపీలోకి దోపాను. కళ్ళద్దాలు పెట్టుకున్నాను. చేతులకు తొడుగులు మాత్రం వేసుకోను, తిరిగే చక్ దగ్గర అవి వేళ్ళను లోపలికి లాగేస్తాయి. లేత్‌ను గరిష్ఠ వేగానికి, నిమిషానికి 2500 చుట్లకు పెట్టాను. 3 మిల్లీమీటర్ల దగ్గర అంత వేగంలోనూ నిమిషానికి 24 మీటర్ల లోహమే టూల్ ముందు నుంచి వెళుతుంది. ఇత్తడి దీనికి రెండు మూడు రెట్ల వేగాన్ని కూడా హాయిగా తట్టుకుంటుంది.

డ్రిల్ పని సున్నితమైనది. ముందు సెంటర్ డ్రిల్‌తో చిన్న గుంట, తరువాత 1.1 డ్రిల్. డ్రిల్ అంచులను ముందే రాయి మీద ఒక్కసారి తాకించి పదును కొంచెం చంపాను. మామూలు పదునుతో ఇత్తడిలో దింపితే అది తనంతట తానే లోపలికి దూసుకుపోతుంది. చక్‌కు ఎదురుగా డ్రిల్‌ను పట్టే టెయిల్ స్టాక్ చక్రంతో తోస్తే డ్రిల్ బాధ చేతికి తెలియదు. అందుకే చిన్న చేతి పట్టులో డ్రిల్ బిగించి, టెయిల్ స్టాక్‌లోని గొట్టంలో జారనిస్తూ వేళ్ళతోనే తోశాను. రెండు సెకన్లు లోపలికి, బయటికి, పొట్టు దులిపి మళ్ళీ లోపలికి.

మొదటి బుష్‌ను పోగొట్టుకున్నాను. కోత టూల్ దాన్ని తెంచగానే ఎగిరి ఇత్తడి పొట్టులో పడిపోయింది. ఇత్తడి కాబట్టి అయస్కాంతానికి రాదు. గంటన్నర దీపం పెట్టి వెతికి, లేచి, రెండోది మొదలుపెట్టాను. ఈసారి తెంచే ముందు 1 మిల్లీమీటరు ఉక్కు తీగను టెయిల్ స్టాక్ వైపు నుంచి రంధ్రంలోకి దూర్చి ఉంచాను. తెగిన బుష్ పూసలా ఆ తీగకు వేలాడింది.

మూడేళ్ళ కిందట ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేవాళ్ళను చూశాను. అంకుడు కర్ర తిరుగుతుంటే లక్క పుల్లను దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ పైన మొగలి ఆకుతో నునుపు చేస్తారు. ఏ కొలత పరికరమూ లేకుండా మూత డబ్బాకు సరిపోయేలా తిప్పుతారు. ఎప్పుడు ఆపాలో వేలికి తెలుస్తుంది. లేత్‌కు తెలుగులో తరిమెన అనే చక్కని మాట ఉంది. ఎవరైనా మళ్ళీ వాడితే బాగుంటుంది.

పలకలో సాగిన రంధ్రాన్ని, సాగిన వైపుకు ఎదుటి వైపున అంతే ఆకురాయితో తీసి మొదట సమం చేశాను. లేకపోతే కొత్త రంధ్రం పక్కకు జరుగుతుంది, పళ్ళు సరిగా కలవవు. ఆ తరువాత క్రమంగా లావయ్యే అయిదంచుల బ్రోచ్ అనే కోత పుల్లతో లోపలి వైపు నుంచి పెద్దది చేసి బుష్‌ను నొక్కి బిగించాను. అప్పుడు సన్న బ్రోచ్‌తో లోపలి రంధ్రాన్ని వెంట్రుక వాసి చొప్పున పెంచాను. పివట్‌ను అందులో నిలబెట్టి వదిలితే ఏ పక్కకైనా కొద్దిగా వాలాలి, బిగుసుకుపోకూడదు. బయటి వైపు నూనె నిలవడానికి చిన్న గుంట తీశాను. తలతన్యత వల్ల చుక్క అక్కడే ఆగి ఉంటుంది.

యంత్రాన్ని బిగించి బల్ల మీద వారం రోజులు నడిపించాక, అదే బిస్కెట్ల డబ్బాలో పిన్ని తీసుకెళ్ళింది. మొన్న మధ్యాహ్నం ఫోన్ చేసింది. "గోడకు పెట్టించాను. నడుస్తోంది కానీ కుంటుతోందే" అంది.

ఫోన్‌ను గడియారం దగ్గర పెట్టమన్నాను. టిక్ తరువాత టక్ తొందరగా, మళ్ళీ టిక్ ఆలస్యంగా. పెట్టె నిటారుగా లేదు.

"పిన్నీ, పెట్టె అడుగును ఒక పక్కకు కొంచెం జరిపించి మళ్ళీ వినిపించు."

ఇంకా ఎక్కువైంది. రెండో పక్కకు జరపమన్నాను. మరి కొంచెం. ఇంకొక్క పిసరు. పక్కన ఎవరితోనో "కదలకు, కదలకు" అంటోంది. చప్పుడు సమమైంది. మేమిద్దరం ఏమీ మాట్లాడుకోకుండా కొంతసేపు వింటూ ఉన్నాం. నాలుగు కొట్టింది.