నా మొదటి స్విస్ వాచీ కోసం నాలుగు నెలలు

బీసెంట్ రోడ్డులో వాచీలు బాగుచేసే పెద్దాయన వెనక మూత తీసి, కంటికి అద్దం బిగించుకుని కాసేపు చూశారు. తర్వాత మెల్లగా, "ఎక్కడ కొన్నారమ్మా ఇది?" అన్నారు. ఆన్‌లైన్‌లో అని చెప్పాను. "పైన పేరు స్విస్‌ది. లోపల మిషన్ మన హెచ్ఎంటీది. డయల్‌కి మళ్లీ రంగేశారు" అన్నారు.

ఆ వాచీకి నేను 18 వేలు పెట్టాను. పాత స్విస్ వాచీ, ఒరిజినల్ డయల్, సర్వీసు చేయించి ఉంది అని రాసి ఉంటే నమ్మాను. అమ్మినవాళ్లు ఆ తర్వాత మెసేజ్‌లకు జవాబు ఇవ్వలేదు. హెచ్ఎంటీ మిషన్ చెడ్డదని కాదు. జపాన్ కంపెనీ సిటిజన్ సాయంతో 1961లో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల తయారీ మొదలైంది. ఆ మిషన్లు ఇప్పటికీ మన ఊళ్లలో తిరుగుతూనే ఉన్నాయి. కానీ నేను కొన్నది హెచ్ఎంటీ అనుకుని కాదు కదా. పాత మిషన్లకు కొత్తగా రంగేసిన డయల్స్ బిగించి అమ్మే వ్యాపారం చాలాకాలంగా నడుస్తోందని ఆ రోజే తెలిసింది.

అందుకే ఇంతకాలం దాచుకున్న డబ్బుతో మంచి వాచీ కొనాలనుకున్నప్పుడు, ఏది కొనాలన్నది రెండు వారాల్లో తేలిపోయినా ఎక్కడ కొనాలన్నదానికి నాలుగు నెలలు పట్టింది.

నేను విజయవాడలో చార్టర్డ్ అకౌంటెంట్‌ని. నెలకు 6,000 చొప్పున మూడేళ్లు బ్యాంకులో ఆర్‌డీ కట్టాను. వడ్డీతో కలిపి దాదాపు 2,38,000 చేతికొచ్చింది. నాకు కావలసింది లాంజీన్స్ అనే స్విస్ కంపెనీ స్పిరిట్ మోడల్, 37 మిల్లీమీటర్ల సైజు, నీలం డయల్. నా మణికట్టు సన్నం, 40 పెడితే అంచులు దాటిపోతుంది. రాళ్లు పొదిగినది వద్దు, బ్యాటరీది వద్దు. ఆటోమేటిక్ కావాలి, అంటే చేతి కదలికకే లోపలి స్ప్రింగు చుట్టుకుని నడిచేది. ఈ వాచీ స్ప్రింగు ఒకసారి నిండా చుట్టుకుంటే 72 గంటలు ఆగదు. శుక్రవారం రాత్రి తీసి పెడితే సోమవారం పొద్దున టైమ్ సరిచేయనక్కర్లేదు. స్విట్జర్లాండ్‌లో కోస్క్ అనే సంస్థ వాచీ మిషన్లను 15 రోజుల పాటు పరీక్షించి, రోజుకు సగటున 4 సెకన్ల ఆలస్యం నుంచి 6 సెకన్ల ముందు వరకూ ఉంటేనే క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఇస్తుంది. స్పిరిట్‌కి ఆ సర్టిఫికెట్ ఉంది. లెక్కల్లో బతికేదాన్ని, అది నాకు చాలా నచ్చింది.

మొదట అందరూ చెప్పింది దుబాయ్. మా తమ్ముడు అక్కడే ఉంటాడు. "అక్కా, ఇక్కడ తీసుకుని సంక్రాంతికి వచ్చేటప్పుడు చేతికి పెట్టుకుని వచ్చేస్తా. ఎవరడుగుతారు?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. కానీ పన్నులు సరిగ్గా కట్టండి అని రోజూ పదిమందికి చెప్పే నేను, నా వాచీని డ్యూటీ కట్టాల్సిందేమీ లేనివాళ్లు వెళ్లే గ్రీన్ చానల్‌లోంచి దాటించమని ఎలా అంటాను? సరే, అన్నీ చెప్పి తెస్తే ఎంతవుతుందో కాగితం మీద వేశాను.

దుబాయ్‌లో వాడికి చెప్పిన ధర మన డబ్బుల్లో దాదాపు 2,15,000. అందులో 5 శాతం వ్యాట్ ఉంది. టూరిస్టులకు ఎయిర్‌పోర్టులో అందులో చాలావరకు తిరిగి ఇస్తారు, కానీ తమ్ముడు అక్కడి రెసిడెంట్, వాడికి రాదు. ఇక మన కస్టమ్స్. 2025 సంక్రాంతికి ఉన్న రూల్ ప్రకారం బ్యాగేజీలో 50,000 వరకే మినహాయింపు, ఆ పైన సర్‌చార్జితో కలిపి 38.5 శాతం డ్యూటీ. అంటే మిగిలిన 1,65,000 మీద 63,525. మొత్తం 2,78,525. హైదరాబాద్ షోరూమ్‌లో ఫోన్‌లో చెప్పిన ధర 2,40,000 దగ్గర ఉంది!

నేనే స్వయంగా టూరిస్టుగా వెళ్లి వ్యాట్ వెనక్కి తెచ్చుకున్నా 2,64,000 దాటుతోంది, విమానం టికెట్టు కాకుండానే. డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురు తెస్తానన్నా ఇదే కస్టమ్స్, ఇదే లెక్క. బయట చవక అనే మాట డ్యూటీ ఎగ్గొట్టేవాళ్లకే నిజం. నిజాయితీగా తెచ్చుకునేవాళ్లకు ఆ ధరల్లో, అప్పటి రూల్స్‌కి ఇక్కడే తక్కువ పడింది. ఇది నా లెక్క, నేను చూసిన వాచీకి, ఆ రోజు రేట్లకు. మీ వాచీకి మీరు విడిగా వేసుకోండి, బ్యాగేజీ రూల్స్ కూడా వెళ్లేముందు ఒకసారి చూసుకోండి. ఇంకో సంగతి: ఇక్కడ కొన్న ఖరీదైన వాచీ పెట్టుకుని విదేశాలకు వెళ్తుంటే, వెళ్లేటప్పుడే ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు అది కొత్తగా కొన్నది కాదని చూపించడానికి పనికొస్తుంది.

ఒక క్లయింటు ఆగమన్నారు. 2024 మార్చి 10న మన దేశం స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా కూటమితో ఒప్పందం మీద సంతకం చేసింది, స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం పోతుంది అని ఆయన మాట. నిజమే, కానీ ఒక్కసారిగా పోదు, ఏడేళ్లలో మెట్లు మెట్లుగా తగ్గుతుంది. ఆ ఒప్పందం అమల్లోకి వచ్చింది కూడా 2025 అక్టోబరు 1న. అప్పటికి డ్యూటీ 20 శాతం, దాని మీద సర్‌చార్జి, ఆ పైన 18 శాతం జీఎస్టీ. పది లక్షల వాచీ అయితే ఆగమనే చెబుతాను. నా వాచీకి, నలభై దాటిన నా వయసుకు, ఆగాలనిపించలేదు.

సెకండ్ హ్యాండ్ సంగతి కూడా చూశాను. 18 వేల దెబ్బ తగిలాక భయం ఉన్నా, పద్ధతిగా చేసేవాళ్లు ఉన్నారు. వాచీ షోరూమ్‌లు నడిపే ఎథోస్ వాళ్లకు సెకండ్ మూవ్‌మెంట్ అని వాడిన వాచీల విభాగమే ఉంది. క్రోనో24 అనే వాచీల వెబ్‌సైట్‌లో అయితే వాచీ మన చేతికి వచ్చేదాకా డబ్బు మధ్యలో ఆపి ఉంచే ఏర్పాటు ఉంది. కానీ విదేశం నుంచి పార్సిల్‌లో వచ్చినా కస్టమ్స్ తప్పదు. పైగా మొదటి వాచీ కొనేవాళ్లకు పాలిష్ ఎక్కువ పట్టిన వాచీ బాడీ ఏదో, మార్చిన ముల్లు ఏదో కనిపెట్టే కన్ను ఉండదు. నాకు లేదు. అలాంటప్పుడు వస్తువుని కాదు, అమ్మేవాళ్లనే చూసి కొనాలి. రెండో వాచీకి ఆలోచిస్తాను.

ఇక మిగిలింది కంపెనీ గుర్తించిన డీలర్. ఒక శనివారం శాతవాహన ఎక్కి హైదరాబాద్ వెళ్లాను. మావారు వస్తానన్నారు గానీ వద్దన్నాను. పక్కన మగవాళ్లుంటే షాపువాళ్లు వాళ్లతోనే మాట్లాడతారు, అది నాకు బాగా తెలుసు.

మొదటి షాపు చాలా బాగుంది. కాఫీ ఇచ్చారు. ఆటోమేటిక్ అని చెప్పినా మూడుసార్లు రాళ్ల వాచీలే తీశారు, "లేడీస్‌కి ఇవే తీసుకుంటారు మేడమ్" అన్నారు. సరే, స్పిరిట్ చూపించారు, ధర చెప్పారు, కొంచెం తగ్గిస్తామని కూడా అన్నారు. అప్పుడు నేను ఇంటి దగ్గర రాసుకున్న ప్రశ్న అడిగాను: ఇది ఆగిపోతే ఎవరికి ఇవ్వాలి, ఎక్కడికి పంపుతారు, ఎన్ని వారాలు పడుతుంది? "అలాంటిదేం జరగదు మేడమ్, స్విస్ కదా" అన్నారు. మళ్లీ అడిగాను. మళ్లీ అదే జవాబు. ఆటోమేటిక్ వాచీలో నూనె ఎండుతుంది, కొన్నేళ్లకొకసారి విప్పి శుభ్రం చేయాలి, నీళ్లు పోకుండా ఆపే రబ్బరు రింగులు మార్చాలి. ఇవన్నీ బీసెంట్ రోడ్డు పెద్దాయన నాకు చెప్పారు. అమ్మేవాళ్లకు తెలియకుండా ఉంటుందా?

రెండో షాపులో ఒక అమ్మాయి ఉంది, ఇరవై అయిదేళ్లు ఉంటాయేమో. అదే ప్రశ్న అడిగితే లోపలికి వెళ్లి సర్వీసు చూసే అతన్ని పిలుచుకొచ్చింది. వాచీ ఇచ్చినప్పుడు ఏ రసీదు ఇస్తారు, దాని మీద సీరియల్ నంబర్ ఎక్కడ రాస్తారు, చిన్న పనులు ఇక్కడే ఏవి చేస్తారు, ఏవి కంపెనీ సర్వీసు సెంటర్‌కే పంపాలి, అన్నీ అతను విడమరిచి చెప్పాడు. "పెద్ద సర్వీసు అయితే వారాలు పడుతుంది మేడమ్, రెండు రోజుల్లో ఇస్తామని చెప్పలేను" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు టెన్షన్ పోయింది. ఇక్కడ ధర మొదటి షాపు కంటే మూడు వేలు ఎక్కువే పడింది. అయినా ఇక్కడే కొనాలని అక్కడే నిలబడి నిర్ణయించుకున్నాను. ఆ మూడు వేలకు నాకు దొరికింది పేరు తెలిసిన మనిషి.

రెండు లక్షలు దాటింది కాబట్టి పాన్ నంబర్ ఇవ్వాలి. అంత మొత్తం నగదుగా తీసుకోకూడదు కూడా. ఎవరైనా బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం అంటే ఆ క్షణమే బయటికి వచ్చేయండి. బిల్లు లేకపోతే ఆ వాచీ మీదని చెప్పుకోవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

నేను చూసుకున్నవి ఇవి: వాచీ వెనక చెక్కిన నంబరు, వారంటీ కార్డు మీది నంబరు, బిల్లు మీది నంబరు ఒక్కటే ఉన్నాయా అని. కార్డు మీద కొన్న తేదీ, డీలర్ వివరాలు నింపారా అని. స్పిరిట్‌కి అయిదేళ్ల వారంటీ ఉంది, ఆ తేదీ లేకపోతే అయిదేళ్లు ఎక్కడి నుంచి లెక్కపెడతారు? ఆ అమ్మాయి నంబర్లు పైకి చదువుతుంటే నేను ఒక్కొక్క అంకె టిక్ పెట్టుకున్నాను. తర్వాత చైన్‌లో మూడు లింకులు తీసి నా చేతికి సరిపోయేలా చేశారు. తీసిన లింకులు చిన్న కవరులో వేసి ఇమ్మని అడిగి తీసుకున్నాను. వయసుతో మణికట్టు మారుతుంది, అవి కావాలి.

సాయంత్రం రైల్లో కిటికీ పక్క సీటు. ఖమ్మం దాటేదాకా చేతి వంకే చూస్తూ కూర్చున్నాను. లైటు పడినప్పుడల్లా ఆ నీలం మారుతోంది.

సోమవారం ఆఫీసుకి వెళ్లేముందు బీసెంట్ రోడ్డులో ఆగాను. పెద్దాయన చేతిలోకి తీసుకుని ముందు చెవి దగ్గర పెట్టుకున్నారు. తర్వాత అద్దం బిగించుకుని వెనక నంబరు చూశారు, కార్డు అడిగి చూశారు. తెరుస్తారేమో అనుకున్నాను. మెత్తటి గుడ్డతో డయల్ మీది నా వేలిముద్ర తుడిచి తిరిగి ఇచ్చేశారు.

"దీన్ని నేను తెరవకూడదమ్మా. ఆ కార్డు భద్రంగా పెట్టుకోండి. ఇంతకుముందుది మాత్రం తీసుకురండి, నూనె వేసి ఇస్తాను, ఆ మిషన్ మంచిదే."