పెరుగు లేని కాబూలీ శనగల సలాడ్: ఆరు ఆదివారాల లెక్క

మా ఆవిడకి పాలు, పెరుగు పడవని తేలి ఏడాది దాటింది. ఆమదాలవలస దగ్గర బడిలో పాఠాలు చెబుతుంది. పొద్దున్న ఏడున్నరకి శ్రీకాకుళంలో బస్సెక్కితే మళ్ళీ ఒంటిగంటకే డబ్బా మూత తీసేది. అన్నం, పప్పు ఎలాగూ ఉంటాయి. వారంలో రెండు రోజులైనా చల్లగా, కరకరలాడుతూ, కడుపు నిండేది కావాలంది. పెరుగూ గుడ్డూ లేకుండా, సలాడుకి రుచికోసం కలిపే చిక్కటి డ్రెస్సింగుతో కాబూలీ శనగల సలాడ్ చేద్దామని జూన్ ఆఖర్లో మొదలుపెట్టాను. నాకు నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: ఒంటిగంటకి కూడా పంటికింద కరకర వినిపించాలి.

మొదటి ఆదివారం

200 గ్రాముల శనగలు రాత్రి నానబెట్టి, పొద్దున్న చిటికెడు వంటసోడా వేసి కుక్కర్లో ఆరు కూతలు రానిచ్చాను. వెన్నలా ఉడికిపోయాయి. పొట్టంతా ఊడి నీళ్ళమీద తేలింది. పూరీలోకి కూర చేసుకుంటే అమోఘం, సలాడుకి మాత్రం పనికిరావు. సోడా పొట్టులోని బిగువుని తొందరగా వదులు చేసేస్తుంది. అవే శనగల్లో కీర దోస, టమాటా, ఉల్లిపాయ తరిగి, నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి అన్నీ ఒకేసారి కలిపి సోమవారం పంపాను. సాయంత్రం వచ్చి, "రుచి బాగుందండీ, కానీ అడుగున నీళ్ళు ఊరిపోయాయి" అంది. డబ్బా వంచి చూస్తే చిన్న గ్లాసుడు రసం.

రెండో ఆదివారం

సోడా మానేశాను. లీటరు నీళ్ళలో ఒక చెంచా ఉప్పు కలిపి అందులో పది గంటలు నానబెట్టాను. ఉప్పునీళ్ళలో నానితే పొట్టు మెత్తబడుతుంది, కానీ చిట్లదు. ఆ నీళ్ళు పారబోసి, మంచినీళ్ళు పోసి, మధ్యస్థం మంట మీద నాలుగు కూతలు. ఆవిరి దానంతటది పోయేదాకా మూత తియ్యలేదు. గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే అణగాలి, కానీ వేలికి ముద్దలా అంటుకోకూడదు. ఆ పదును కుదిరింది. 200 గ్రాములు ఉడికాక దాదాపు 450 గ్రాములయ్యాయి. నూలు తువ్వాలు మీద పరిచి ఫ్యాను కింద అరగంట ఆరబెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. చల్లబడ్డాక గింజ ఇంకాస్త గట్టిపడింది. అప్పటినుంచి శనగలకి ఇదే పద్ధతి, మార్చలేదు.

మూడో ఆదివారం

ఇక డ్రెస్సింగు. శనగలు ఉడికిన నీళ్ళు గుడ్డు తెల్లసొనలా నురగ కడతాయని 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచి గాయకుడు బయటపెట్టాడు. మరుసటి ఏడాది అమెరికాలో గూస్ వోల్ట్ అనే ఇంజనీరు దానికి ఆక్వాఫాబా అని పేరు పెట్టాడు. మామూలుగా గుడ్డూ నూనే గిలక్కొట్టి చేసే మయొనైజ్‌ని, గుడ్డు బదులు ఆ నీళ్ళతో చేసి చూడాలనిపించింది. మన కుక్కర్ నీళ్ళు పల్చన కాబట్టి సగమయ్యేదాకా మరిగించి చల్లార్చాను. 60 మిల్లీలీటర్ల నీళ్ళకి, చేతి బ్లెండర్ తిప్పుతూ, సన్నటి ధారగా 180 మిల్లీలీటర్ల నూనె పోశాను. నిజంగానే తెల్లగా, చిక్కగా వచ్చింది! ఆవిడా నేనూ గరిటె పట్టుకుని చాలాసేపు దాన్నే చూశాం. కానీ ముప్పావు పాలు నూనె. వారానికి రెండుసార్లు అంత నూనె ఇంటిల్లిపాదికీ వద్దనుకున్నాను.

నాలుగో ఆదివారం

మా అప్ప, అంటే అక్క, కాశీబుగ్గలో ఉంటుంది. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పుకి కొదవేముంది. ఫోన్లో సంగతి చెబితే, "రుబ్బేదానికి నిండు పప్పెందుకురా, ముక్క పంపుతాను" అంది. రుబ్బాక నిండు పప్పయినా ముక్కయినా ఒకటే, ధరలో మాత్రం చాలా తేడా.

60 గ్రాముల జీడిముక్క వేణ్ణీళ్ళలో అరగంట నానబెట్టి, వడకట్టి, 80 మిల్లీలీటర్ల మంచినీళ్ళు, ఒక వెల్లుల్లి రెబ్బ, దోరగా వేయించిన నువ్వులు చెంచాడు, ఉప్పు వేసి మిక్సీలో రెండు నిమిషాలు తిప్పాను. మధ్యలో ఆపి గోడలకంటింది కిందికి తోశాను. వేళ్ళ మధ్య రాస్తే పలుకు తగలకూడదు. మీగడలా వచ్చింది, కానీ రుచి చప్పగా ఉంది, కాస్త తీపి కూడా.

పక్కన కూర్చుని చూస్తున్న అమ్మ, "ఆవ పెట్టకపోయావా?" అంది.

పనసపొట్టు కూరకీ గుమ్మడికాయకీ ఆవ పెట్టే ఇంట్లో పుట్టి ఆ మాట నాకు తట్టనేలేదు. బజార్లో దొరికే మస్టర్డ్ సీసా కోసం వెతుకుతున్నాను! అమ్మ అర చెంచా ఆవాలు, రెండు ఉప్పుకళ్ళు చిన్న రోట్లో వేసి, నీళ్ళు చిలకరిస్తూ నూరింది. ఉప్పుకల్లు వేస్తే చేదు తగ్గుతుందంటుంది. నేను వెంటనే నిమ్మరసం పిండబోతే చెయ్యి పట్టుకుంది. "ఉండు, ఘాటెక్కనీ."

ఆవాలు నలిగి నీళ్ళు తగిలాకే ఆ ఘాటు పుడుతుంది. పులుపు ముందే పడితే అది పుట్టడం మందగిస్తుంది. పది నిమిషాలాగి, జీడి మీగడలో ఆవముద్ద కలిపి, ఆ తర్వాత నిమ్మకాయ రసం మూడు చెంచాలు పోశాను. ముక్కుకి తగిలీ తగలనట్టు ఘాటు, వెనక నువ్వుల కమ్మదనం. పెరుగు గుర్తే రాలేదు.

ఐదో ఆదివారం

కరకర ఇంకా తేలలేదు. కాంప్లెక్స్ దగ్గర ముంత మసాలా బండి ముందు నిలబడ్డప్పుడు తెలిసింది. ఉల్లి ఒక గిన్నెలో, టమాటా ఒక గిన్నెలో, మరమరాలు గాలి తగలకుండా మూటకట్టి. మనిషి వచ్చి అడిగాకే కలుపుతాడు. వానాకాలం సాయంత్రం కూడా ఆ మరమరాలు మెత్తబడలేదు.

ఇంటికొచ్చి మూడు గిన్నెల క్యారియర్ దించాను. అడుగు గిన్నెలో డ్రెస్సింగు కలిపిన శనగలు, అందులో మూడోవంతు గరిటెతో చిదిమి వేశాను, మీగడ గింజకి పట్టుకుంటుంది. మధ్య గిన్నెలో కూరముక్కలు. టమాటా తీసేశాను. కీర దోస గింజ తీసి, ఉప్పు రాసి ఇరవై నిమిషాలుంచి పిండితే ఎన్ని నీళ్ళు దిగాయో చూశాక అదీ మానేశాను. ముల్లంగి, కేరట్, క్యాబేజీ శనగగింజంత ముక్కలు, మళ్ళీ తువ్వాలు మీద ఆరబెట్టి. ఉల్లి సన్నగా తరిగి పది నిమిషాలు చల్లటి నీళ్ళలో వేసి గట్టిగా పిండాను. పాశ్చాత్యులు వేసే సెలరీ ఇక్కడ నాకు దొరకలేదు. లేత ముల్లంగి కాడలు ఆ లోటు బాగా తీర్చాయి.

పై గిన్నెలో వేయించిన శనగలు. ఉడికిన వాటిలోంచి గుప్పెడు తీసి, తడి బొత్తిగా లేకుండా తుడిచి, ఇనప మూకుట్లో రెండు చెంచాల నూనెతో సన్నమంట మీద పాతిక నిమిషాలు వేపాను. ఉప్పు, మిరియాలపొడి చివర్లో. మొదటిసారి వేడిమీదే మూత పెట్టేశాను, ఆవిరికి మెత్తబడి తోలులా సాగాయి. రెండో వాయి పూర్తిగా చల్లారాక పెట్టాను.

ఆరో ఆదివారం

అదే పద్ధతి, కొత్తిమీర మాత్రం చేర్చాను, కడిగి ఆరబెట్టి. డ్రెస్సింగు ఫ్రిజ్‌లో రెండో రోజుకి ఇంకా చిక్కబడింది, రెండు చెంచాల నీళ్ళు కలిపితే సరిపోయింది. మూడు రోజులు దాటనివ్వను. డబ్బాలో మిగిలింది సాయంత్రానికి దాచను.

సోమవారం ఒంటిగంటా పదికి ఫోన్ మోగింది. ఆవిడేమీ మాట్లాడలేదు. ఫోను దగ్గరగా పెట్టుకుని ఒక ముద్ద నమిలింది. కరకరమని నాలుగుసార్లు వినబడింది. "ఈసారి ఇంకో గిన్నె ఎక్కువ పెట్టండి, స్టాఫ్ రూములో అడుగుతున్నారు" అంది.

అప్పకి ఇంకో అరకిలో ముక్క పంపమని చెప్పాను. ఈ రాత్రి 400 గ్రాముల శనగలు నానబెట్టాలి.